జీవశాస్త్రాల డిగ్రీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ చదివించే స్తోమత మాకు లేదు, తనకీ ఇష్టం లేదు. బీఎస్సీలో చేరతానంటోంది. బయోటెక్నాలజీ ఉన్న కాలేజీయే వెతుక్కోవాలా? బీజెడ్‌సీ తీసుకుంటే వెనకబడుతుందా?
— ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: వెనకబడదండీ. డిగ్రీలో బయోటెక్నాలజీ అన్న పేరుకి మార్కెట్లో ఉన్నంత విలువ చదువులో లేదు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ గట్టిగా చదివినవాళ్లు పీజీలో బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ వైపు హాయిగా వెళ్తున్నారు. ఏ కాంబినేషన్ తీసుకున్నా కెమిస్ట్రీని మాత్రం వదలనివ్వకండి. పైకి వెళ్లేకొద్దీ ఎంజైములైనా, డీఎన్ఏ అయినా అంతా కెమిస్ట్రీయే. చాలా పీజీ కోర్సులు అర్హతల్లో దాన్ని అడుగుతాయి కూడా.

డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి కాలేజీలకు వెళ్లి ల్యాబ్ చూపించమనండి. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే పరికరం) పనిచేస్తోందా, లామినార్ ఎయిర్‌ఫ్లో (వడగట్టిన గాలి వీచే పని బల్ల) మీద దుమ్ము ఎంత మందాన ఉంది, బ్యాచ్ మొత్తానికి మైక్రోపిపెట్లు ఎన్ని ఉన్నాయి అన్నవి కంటికే తెలిసిపోతాయి. వారానికి ప్రాక్టికల్స్ నిజంగా ఎన్ని గంటలు జరుగుతాయో రెండో ఏడాది పిల్లల్ని అడగండి. ఆఫీసు రూములో అడిగితే వచ్చే జవాబు వేరు.

ఇంకో మాట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది. దానికి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌కు (సైన్స్ విద్య, పరిశోధనల కేంద్ర సంస్థ) ఐఏటీ పరీక్ష వేరే ఉంది. అందులో 60 ప్రశ్నలుంటే 15 లెక్కలే, కాబట్టి బైపీసీ పిల్లలు లెక్కలు విడిగా చదువుకోక తప్పదు. వీటికి దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే పెట్టాలి. ఇంట్లో చిన్నవాళ్లు ఎవరైనా బైపీసీలో ఉంటే గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బయోకెమిస్ట్రీలో గ్లైకాలిసిస్ (కణం గ్లూకోజ్‌ను విడగొట్టే ప్రక్రియ) పది మెట్లూ బట్టీపడుతున్నాను, వారం తిరిగేసరికి మరిచిపోతున్నాను. ఎలా చదవాలి?
— బీఎస్సీ మొదటి ఏడాది, ఎల్బీనగర్

జవాబు: పేర్లను వరసగా చదివితే ఎవరికైనా అంతే. పేర్లు పక్కనపెట్టి ముందు కార్బన్లు లెక్కపెట్టు. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు. నాలుగో మెట్టులో ఆల్డొలేజ్ అనే ఎంజైము దాన్ని మూడేసి కార్బన్ల రెండు ముక్కలు చేస్తుంది. అంటే ఆ తర్వాత జరిగేదంతా రెండుసార్లు జరుగుతున్నట్టే.

తర్వాత జమాఖర్చు రాయి. ఒకటో మెట్టులో ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు), మూడో మెట్టులో మరొకటి ఖర్చు. ఏడు, పది మెట్లలో రాబడి, ఒక్కోచోట రెండేసి చొప్పున నాలుగు. మిగిలేది రెండు. ఆరో మెట్టులో హైడ్రోజన్ తీసేస్తారు కాబట్టి అక్కడ రెండు ఎన్ఏడీహెచ్‌లు (ఆ హైడ్రోజన్‌ను మోసే అణువులు) వస్తాయి. చివర చేతిలో ఉండేవి రెండు పైరువేట్లు. ఇది తెల్లకాగితం మీద పుస్తకం చూడకుండా గీయగలిగాక అప్పుడు ఎంజైముల పేర్లు దిద్దు. కైనేజ్ అని ఉంటే ఫాస్ఫేట్ బదిలీ, డీహైడ్రోజినేజ్ అని ఉంటే హైడ్రోజన్ తీయడం, ఐసోమరేజ్ అంటే ఉన్నదాన్నే అటూ ఇటూ మార్చడం. పని తెలిస్తే సగం పేర్లు వాటంతటవే వస్తాయి.

పరీక్షల్లో అసలు అడిగేది ఒకటి, మూడు, పది మెట్ల గురించి. హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, పైరువేట్ కైనేజ్ పనిచేసే ఈ మూడూ కణంలో వెనక్కి తిరగవు. అందుకే అదుపంతా అక్కడే ఉంటుంది. కణంలో ఏటీపీ ఎక్కువైతే మూడో మెట్టు నెమ్మదిస్తుంది. పైరువేట్ నుంచి తిరిగి గ్లూకోజ్ చేయాల్సి వచ్చినప్పుడు శరీరం దారి మళ్లేది కూడా సరిగ్గా ఈ మూడు చోట్లే, మిగతా ఏడు మెట్లూ వెనక్కి నడుస్తాయి. ఒకటి అర్థమైతే రెండు పాఠాలు వచ్చేసినట్టు.

ప్రశ్న: జువాలజీ ప్రాక్టికల్స్‌లో కప్పను కోయాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది.
— బైపీసీ విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: అక్కర్లేదమ్మా. డిగ్రీ, పీజీ జువాలజీ ప్రాక్టికల్స్‌లో జంతువులను కోయడాన్ని యూజీసీ 2014లో ఆపించింది. ఇప్పుడు నమూనాలు, చార్టులు, కంప్యూటర్ సిమ్యులేషన్లతోనే.

ప్రశ్న: అగరోజ్ జెల్ (డీఎన్ఏ ముక్కలను కరెంటుతో విడదీసే జెల్) వేసిన ప్రతిసారీ ఏదో ఒకటి తప్పుతోంది. ఒకసారి ఏమీ కనబడదు, ఒకసారి పొడుగ్గా మసక గీత వస్తుంది. మేడమ్‌ను అడిగితే "బఫర్ చూసుకో" అంటారు. ఏం చూసుకోవాలి?
— ఎమ్మెస్సీ మొదటి ఏడాది, తార్నాక

జవాబు: మీ మేడమ్ మాట నిజమే, కాకపోతే మరీ పొదుపుగా చెప్పారు.

బఫర్ అంటే పీహెచ్ మారకుండా కాపాడే ద్రావణం. టీఏఈ బఫర్ 50ఎక్స్ స్టాక్ (వాడేదానికి 50 రెట్లు గాఢమైనది) ఒక లీటరుకి: ట్రిస్ బేస్ 242 గ్రాములు, గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 57.1 మి.లీ., పీహెచ్ 8 ఉన్న 0.5 మోలార్ ఈడీటీఏ 100 మి.లీ., మిగతాది డిస్టిల్డ్ వాటర్. వాడేముందు 20 మి.లీ. స్టాక్‌కి 980 మి.లీ. నీళ్లు కలిపితే 1ఎక్స్. పలచన చేయడం మరిచిపోయి స్టాక్ పోస్తే కరెంటు విపరీతంగా పారి జెల్ వేడెక్కి కరుగుతుంది. ఇంకొందరు ట్యాంకులో బఫరే పోస్తారు గానీ అగరోజ్‌ను ఉత్త నీళ్లలో కాస్తారు. అప్పుడు జెల్‌లో అయాన్లుండవు, డీఎన్ఏ సరిగ్గా కదలదు. రెండుచోట్లా ఒకే బఫర్ ఉండాలి.

1 శాతం జెల్‌కి 50 మి.లీ. 1ఎక్స్ బఫర్లో అర గ్రాము అగరోజ్. మైక్రోవేవ్‌లో పూర్తిగా తేటపడేదాకా కాయండి, మధ్యలో తీసి తిప్పండి. గాజులాంటి నలకలు కనిపిస్తున్నాయంటే ఇంకా కరగలేదనే. కాచకముందు ఫ్లాస్కు బరువు చూసుకుని, ఆవిరైనంత నీళ్లు మళ్లీ కలిపితే శాతం మారదు. 60 డిగ్రీలకు చల్లారాక పోయండి. మరీ వేడిగా పోస్తే ట్రే వంగుతుంది, దువ్వెన దగ్గర బావులు (శాంపిల్ పోసే గుంటలు) చెడిపోతాయి.

6ఎక్స్ లోడింగ్ డై అంటే 10 మైక్రోలీటర్ల డీఎన్ఏకి 2 మైక్రోలీటర్ల డై. బావులు నల్ల వైరు వైపు ఉండాలి, డీఎన్ఏ ఎర్ర వైరు వైపు నడుస్తుంది. వోల్టేజీని జెల్ పొడవుని బట్టి కాక, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరాన్ని బట్టి లెక్కకట్టాలి. సెంటీమీటరుకి 5 వోల్టుల చొప్పున, 15 సెంటీమీటర్లుంటే 75 వోల్టులు. త్వరగా ఇంటికెళ్లాలని 150 పెడితే బ్యాండ్లు సాగి మసకబారతాయి.

ఇక తప్పు పట్టుకోవడం. ముందు ల్యాడర్ (పొడవు తెలిసిన డీఎన్ఏ ముక్కల వరస) వైపు చూడండి. ల్యాడరే కనబడకపోతే తప్పు స్టెయిన్‌లోనో, వైర్లలోనో, బఫర్లోనో ఉంది. మీ డీఎన్ఏని అనుమానించకండి. ల్యాడర్ చక్కగా వచ్చి మీ వరస ఖాళీగా ఉంటే అప్పుడు లోపం శాంపిల్‌లో. మసక గీతకు కారణాలు మూడు నాలుగుంటాయి. డీఎన్ఏ మరీ ఎక్కువ వేయడం ఒకటి, చేతుల నుంచో నీళ్ల నుంచో చేరిన న్యూక్లియేజ్ ఎంజైము దాన్ని ముక్కలు చేయడం మరొకటి. పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు చేసే పద్ధతి) శాంపిల్ అయితే ఎనీలింగ్ (ప్రైమర్లు అతికే) ఉష్ణోగ్రత తక్కువైందేమో 2 డిగ్రీలు పెంచి చూడండి. జెల్ అడుగున మాత్రమే మబ్బులా ఉంటే అది ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏజ్ వేస్తే పోతుంది.

స్టెయిన్‌గా వాడే ఎథీడియం బ్రోమైడ్ డీఎన్ఏ బేస్ జతల మధ్య దూరే రసాయనం. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పారబోయవద్దు. ఆ గ్లవ్స్‌తోనే ఫోనెత్తేవాళ్లు ప్రతి ల్యాబ్‌లో ఒకరుంటారు.

ప్రశ్న: మే నెలలో ట్రిస్ బఫర్ పీహెచ్ సరిగ్గా 8.0 పెట్టాను. ఏసీ గదిలో మళ్లీ చూస్తే 8.3 పైన చూపిస్తోంది. మీటర్ పాడైందా?
— ఎమ్మెస్సీ రెండో ఏడాది, మెహదీపట్నం

జవాబు: మీటర్ బాగానే ఉండుంటుంది. ట్రిస్ గుణమే అంత. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దాని పీహెచ్ సుమారు 0.028 పడిపోతుంది, చల్లబడితే అంత పెరుగుతుంది. మన ఎండల్లో ఏసీ లేని ల్యాబ్‌లో 38 డిగ్రీల దగ్గర 8.0 పెడితే, 25 డిగ్రీల గదిలో అది 8.36 అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే చూస్తే ఇంకా ఎక్కువ.

1 మోలార్ ట్రిస్ లీటరు చేయడానికి 121.1 గ్రాములు 800 మి.లీ. నీళ్లలో కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తూ రావాలి. పీహెచ్ 8కి దాదాపు 42 మి.లీ. పడుతుంది. యాసిడ్ పోసేకొద్దీ ద్రావణం వేడెక్కుతుంది కాబట్టి 40 మి.లీ. దగ్గర ఆపి, చల్లారనిచ్చి, మిగతాది చుక్కలుగా వేయండి. ఆ తర్వాతే లీటరుకి నింపాలి. సీసా మీద పీహెచ్‌తో పాటు ఏ ఉష్ణోగ్రత దగ్గర పెట్టారో కూడా రాయండి.

ఈడీటీఏ కరగడం లేదని అడిగేవాళ్లకూ ఇక్కడే జవాబు: పీహెచ్ 8 దగ్గరకు వస్తేగానీ అది కరగదు. గంటల తరబడి స్టిర్రర్ మీద వదిలినా లాభం లేదు, సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు వేస్తూ పోవాలి.

ప్రశ్న: ప్రొటీన్ ఎస్టిమేషన్‌లో మా నలుగురికీ నాలుగు రకాల గ్రాఫులు వస్తున్నాయి. రసాయనాలు ఒకటే.
— బీఎస్సీ మూడో ఏడాది, కూకట్‌పల్లి

జవాబు: చేతులు వేరు కదా. మైక్రోపిపెట్‌ను మొదటి ఆపు దాకా నొక్కి పీల్చాలి, వదిలేటప్పుడు మాత్రం రెండో ఆపు దాకా నొక్కాలి. పీల్చేటప్పుడే రెండో ఆపుకి వెళ్తే ఎక్కువ వస్తుంది. బ్యాలెన్స్ మీద 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు వేసి చూడండి. ప్రతిసారీ 0.1 గ్రాము దగ్గర పడాలి. అన్నీ ఒకేలా తప్పితే పిపెట్‌ది లోపం, ఒక్కోసారి ఒక్కోలా వస్తే చేతిది.

లెక్క కూడా సరిచూసుకోండి. మి.లీ.కి 10 మిల్లీగ్రాముల బీఎస్ఏ (పోలికకు వాడే ప్రొటీన్) నుంచి, మి.లీ.కి 200 మైక్రోగ్రాముల ద్రావణం 5 మి.లీ. కావాలంటే మొత్తం 1000 మైక్రోగ్రాములు, అంటే 1 మిల్లీగ్రాము అవసరం. స్టాక్ 100 మైక్రోలీటర్లు, నీళ్లు 4.9 మి.లీ. నీళ్లు 5 మి.లీ. పోసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: ప్రాజెక్టుకి ఒక ప్రైవేటు ల్యాబ్‌వాళ్లు డబ్బు అడుగుతున్నారు. రిపోర్టు కూడా వాళ్లే రాసిస్తారట. కట్టమంటారా?
— ఎమ్మెస్సీ విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: వద్దు. రాసిచ్చిన రిపోర్టు మీద పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఈ ఊళ్లో హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, గచ్చిబౌలిలో ఎన్ఐఏబీ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ లాంటి పరిశోధన సంస్థలున్నాయి. మూడు నాలుగు నెలల ముందే సైంటిస్టులకు నేరుగా మెయిల్ రాయండి. వాళ్ల ఈమధ్య పేపర్ ఒకటి చదివి, అందులో మీకు ఆసక్తి కలిగించినదేమిటో రెండు వాక్యాలు, మీరు స్వయంగా చేసిన పద్ధతులు, ఖాళీగా ఉండే తేదీలు రాస్తే చాలు. "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే మెయిల్ యాభైమందికి పంపితే ఎవరూ తెరవరు. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్‌కి కూడా దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: ఓయూ, సెంట్రల్ యూనివర్సిటీ రెండింటికీ ఒకే ఎంట్రెన్సా? తర్వాత నెట్ ఎలా ఉంటుంది?
— బీఎస్సీ చివరి ఏడాది, నాచారం

జవాబు: ఒకటి కాదు. ఉస్మానియాకు సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే బయోటెక్నాలజీ పీజీ సీట్లకు గాట్-బి. మూడింటి సిలబస్‌లో ఉమ్మడి భాగమే ఎక్కువ.

సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హతల పరీక్ష) లైఫ్ సైన్సెస్ 200 మార్కులకు. పార్ట్ ఏలో 20 ప్రశ్నలకు 15, పార్ట్ బీలో 50కి 35, రెండింటిలోనూ ఒక్కోదానికి 2 మార్కులు. పార్ట్ సీలో 75 ఇచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4. తప్పుకి నాలుగో వంతు పోతుంది. మొత్తం సిలబస్ చదవాలన్న పట్టుదలతో చాలామంది ఇక్కడే నష్టపోతారు. పార్ట్ సీలో మూడింట ఒక వంతు రాస్తే చాలు కాబట్టి నాలుగైదు యూనిట్లను ప్రయోగాల స్థాయి దాకా లోతుగా చదివి, మిగతావి పార్ట్ బీకి సరిపడా చూసుకోండి. పార్ట్ సీ ప్రశ్నలు చాలావరకు గ్రాఫో, జెల్ బొమ్మో ఇచ్చి ఏం జరిగిందో చెప్పమంటాయి. జేఆర్ఎఫ్ (ఆ పరిశోధన ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం నెలకు రూ.37,000, ఇంటద్దె భత్యం అదనం.