షుగర్, బీపీ ఉన్నాయి.. గోముఖ్‌ దాకా నడవొచ్చా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. టీచర్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాను. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి, గోలీలతో కంట్రోల్‌లోనే ఉన్నాయి. మా భజన బృందం గంగోత్రి వెళ్లి, అక్కడి నుంచి గంగమ్మ పుట్టే గోముఖ్‌ దాకా నడవాలనుకుంటోంది. నేను రోజూ భద్రకాళి బండ్‌ మీద గంట నడుస్తాను, పద్మాక్షి గుట్ట ఆగకుండా ఎక్కుతాను. కర్పూరం వాసన చూస్తుంటే అక్కడ ఆక్సిజన్‌ సమస్య రాదంటున్నారు, నిజమేనా? పిల్లలేమో వద్దంటున్నారు. టికెట్లు ఇంకా తీసుకోలేదు. – ఒక పాఠకురాలు, హనుమకొండ

డాక్టర్‌ సలహా: పరీక్షల్లో తేడా ఏమీ లేకపోతే వెళ్లొచ్చమ్మా. పిల్లల భయంలోనూ అర్థముంది. మీరు అన్నీ రాశారు గానీ ఎన్ని రోజుల్లో పైకి వెళ్తున్నారో రాయలేదు, నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే. మన వరంగల్‌ సముద్ర మట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గంగోత్రి 3,100 మీటర్ల దగ్గర, గోముఖ్‌ దాదాపు 4,000. అంత ఎత్తులో గాలి పీడనం తగ్గిపోయి, ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్‌ ఇక్కడ అందేదాంట్లో 60 శాతం చిల్లరే ఉంటుంది. దానికి ఒంటికి అలవాటు కావాలంటే రోజులు పడుతుంది. బండ్‌ మీద నడక కాళ్లకూ గుండెకూ మంచిదే, మానొద్దు, కానీ ఎత్తు వల్ల వచ్చే జబ్బును అది ఆపలేదు. నడక బాగా అలవాటున్నవాళ్లే గబగబా ఎక్కేసి రాత్రికి తలపట్టుకుని కూర్చుంటారు.

అందుకే ప్లాన్‌ ఇలా అడగండి. ఉత్తరకాశీలో ఒక రాత్రి, 2,600 మీటర్ల దగ్గరున్న హర్సిల్‌లో ఒకటో రెండో రాత్రులు, గంగోత్రిలో కనీసం రెండు రాత్రులు, ఆ తర్వాతే నడక. గంగోత్రి నుంచి గోముఖ్‌ 18 కిలోమీటర్లు. 14వ కిలోమీటరు దగ్గర భోజ్‌బాసాలో రాత్రి పడుకుని, పొద్దున్నే గోముఖ్‌ చూసి దిగడం మొదలుపెట్టాలి. ట్రావెల్స్‌ వాళ్లు రిషికేశ్‌లో బస్సెక్కించి ఒక్క రోజులో గంగోత్రికి చేర్చి మర్నాడే నడిపిస్తామంటే ఒప్పుకోకండి, డబ్బు తక్కువైనా సరే. గోముఖ్‌ దారికి అటవీ శాఖ పర్మిట్‌ కావాలి, రోజుకు 150 మందికే ఇస్తారు కాబట్టి ఆ తేదీ చూసుకుని వెనక్కి లెక్క వేసుకోండి. జులై, ఆగస్టు వద్దే వద్దు. హర్సిల్‌ దాటగానే వచ్చే ధరాలీని 2025 ఆగస్టు 5న వరద ఎలా ముంచేసిందో టీవీల్లో చూసే ఉంటారు. వానలు తగ్గాక సెప్టెంబర్‌ చివర్లో పెట్టుకోండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇవి ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు మొదటి లక్షణాలు. మన బృందాల్లో ఏం జరుగుతుందంటే, ముఖ్యంగా ఆడవాళ్లు, నా ఒక్కదాని వల్ల అందరి యాత్ర ఆగిపోతుందేమోనని, ఇంత దూరం వచ్చి గంగమ్మను చూడకుండా పోతానేమోనని, ఏమీ లేదు గ్యాస్‌ అంటూ చున్నీ తలకు బిగించి కట్టుకుని నడుస్తారు. దయచేసి అలా చేయకండి. తలనొప్పి ఉన్నంతసేపు ఒక్క అడుగు కూడా పైకి వద్దు, అక్కడే ఆగండి. తగ్గకపోయినా, పెరిగినా కిందికి దిగాలి. కూర్చున్నా దమ్ము వస్తోందంటే, దగ్గులో గులాబీ రంగు నురగ పడుతోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. మాట తడబడటం, మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి గీత మీద నడవమంటే తూలిపోవడం మెదడు వాపుకు గుర్తు. ఇలాంటప్పుడు తెల్లారనిద్దాం అనుకోవద్దు, ఆక్సిజన్‌ పెట్టి ఆ రాత్రే కిందికి దించాలి. భోజ్‌బాసా నుంచి బండి దారి లేదు, మోసుకునే దించాలి. ఈ సంగతి బయల్దేరకముందే బృందంలో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, ఒకరు దిగితే తోడు ఎవరు దిగుతారో కూడా.

కర్పూరం సంగతి: వాసనకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్‌ మాత్రం పెరగదు. పొరపాటున కూడా నోట్లో వేసుకోవద్దు, ఫిట్స్‌ వస్తాయి. షాపుల్లో అమ్మే చిన్న ఆక్సిజన్‌ డబ్బా కొన్ని నిమిషాలకే అయిపోతుంది, దాన్ని నమ్ముకుని పైకి వెళ్లొద్దు. అలవాటు పడటానికి సాయపడే అసిటజోలమైడ్‌ అనే గోలీ ఉంది, సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తెక్కే ముందు రోజు నుంచి వాడతాం. సల్ఫా మందులు (ఒక రకం యాంటీబయాటిక్స్‌) పడనివాళ్లకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు అది సరిపడకపోవచ్చు కాబట్టి మెడికల్‌ షాపులో అడిగి కొనుక్కోకండి. వాడితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, భయపడొద్దు.

షుగర్‌ విషయంలో నాకున్న భయం పెరుగుతుందని కాదు, పడిపోతుందని. మీ గోలీల్లో గ్లిమెపిరైడ్‌ ఉంటే, రోజంతా నడక, పైగా ఆకలి లేక సరిగా తినకపోవడం, రెండూ కలిసి దారిలోనే చక్కెర పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్‌ లాంటి షుగర్‌ గోలీ వాడుతుంటే ఆ రోజుల్లో కొనసాగించాలా వద్దా అన్నది మీ డాక్టర్‌ చెప్పాలి. యాత్ర కదా అని నడిచే రోజు ఉపవాసం పెట్టుకోవద్దు, గంగమ్మ ఏమీ అనుకోదు. జేబులో గ్లూకోజ్‌ పొడి, పల్లీపట్టీలు ఉంచుకోండి. చలికి గ్లూకోమీటర్‌ సరిగా పనిచేయదు, స్వెట్టర్‌ లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. బీపీ కూడా అక్కడ కొంత పెరుగుతుంది, గోలీ మానొద్దు. షూస్‌ ఇప్పుడే కొని రెండు నెలలు ఇక్కడే తొడుక్కుని నడవండి, రోజూ రాత్రి పాదాలు లైట్‌ వెలుగులో చూసుకోండి, షుగర్‌ ఉన్నవాళ్లకు బొబ్బ లేచినా నొప్పి తెలియకపోవచ్చు. మంచు కరిగి వచ్చే ఆ నీళ్లలో మునక వేయొద్దు, గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది. నెత్తిన చల్లుకోండి చాలు.

వెళ్లే ముందు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్‌), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌), క్రియాటినిన్‌ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్‌, కంటి రెటీనా పరీక్ష చేయించుకోండి. ట్రెడ్‌మిల్‌ టెస్ట్‌ కావాలో లేదో అవి చూసి ఫిజీషియన్‌ చెబుతారు. గుండె రిపోర్టుల్లో తేడా ఉంటే గంగోత్రి గుడి దాకా కూడా డాక్టర్‌ను అడగకుండా బయల్దేరకండి. అన్నీ బాగుంటే, మీరు వాడే గోలీల పేర్లు, డోసులు, రోజువారీ ప్లాన్‌ కాగితం పట్టుకుని ఫిజీషియన్‌ దగ్గరికి వెళ్లండి, మీ పిల్లల్లో ఒకరిని కూడా వెంట తీసుకెళ్లండి.