హెలికాప్టర్లు గాల్లో వదిలే నిప్పుముద్దలకి క్షిపణి నిజంగా మోసపోతుందా?

వీడియోల్లో హెలికాప్టరు రెండు పక్కలా మతాబుల్లాంటివి రాలుస్తూ పోతుంది కదా, అంతమాత్రానికే క్షిపణి దారి తప్పుతుందా అని అడిగారు. వాయుసేనలో ఆయుధాల ట్రేడ్‌లో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. వాటిని నా చేత్తో నింపినవాణ్ణి కాబట్టి చెప్తున్నా: తప్పుతుంది, కాకపోతే ఎదురొచ్చేది ఏ క్షిపణి అన్నదే లెక్క.

భుజం మీంచి పేల్చే స్టింగర్‌లాంటివి వేడిని చూసి వస్తాయి. ఆ నిప్పుముద్దని ఫ్లేర్ అంటాం. ముఖ్యంగా మెగ్నీషియం, టెఫ్లాన్ (అవును, మీ దోసె పెనం మీద పూతే). అంటుకుంటే రెండు వేల డిగ్రీల దాకా పోతుంది, మండేది కొద్ది సెకన్లే. ఆ కాస్త టైములోనే క్షిపణి కంటికి ఇంజిన్ ఎగ్జాస్ట్ కంటే అదే ఎక్కువగా ఆనాలి. హెలికాప్టరుతో చిక్కేంటంటే అది నెమ్మది. ఫైటర్ అయితే ఫ్లేర్‌ని వెనకొదిలి దూసుకుపోతుంది, ఇదేమో పక్కనే ఉండిపోతుంది. అందుకే పైలట్ వెంటనే పక్కకి మళ్లించాలి, ఎగ్జాస్ట్‌లో చల్లగాలి కలిపి వేడి తగ్గించే ఏర్పాటూ ఉండాలి. బటన్ నొక్కేదాకా ఆగితే ఒక్కోసారి ఆలస్యమైపోతుంది. అందుకే క్షిపణి మంటని అతినీలలోహిత కాంతిలో పసిగట్టే సెన్సర్లు ఫ్లేర్లని వాటంతటవే పేలుస్తాయి.

కొత్త తరం క్షిపణులు వేడిని బొమ్మలా చూస్తాయి, ఒక్క మెరుపుకి ఏమారవు. వాటి కళ్లల్లోకి లేజర్ కొట్టే పరికరాలు వచ్చింది అందుకే. రాడార్‌తో వెతుక్కుంటూ వచ్చే క్షిపణుల్ని ఏమార్చడానికి ఛాఫ్ అని వేరే ఉంది. అల్యూమినియం పూసిన గాజు పోగులు, వెంట్రుక కంటే సన్నం. వీటిని వదిలే యంత్రాలు మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ బీడీఎల్ (భారత్ డైనమిక్స్) వాళ్లే చేస్తారు, దూరం పోనక్కర్లేదు.

అసలు ఇవి దండగ అనేవాళ్లకి నేను కార్గిల్ చెప్తాను. 1999 మే 28న తోలోలింగ్ శిఖరం మీదికి వెళ్లిన ఎంఐ-17 హెలికాప్టర్లలో ఒకటి క్షిపణి తగిలి కూలింది, అందులోని నలుగురూ పోయారు. ఫ్లేర్లు లేనిది అదొక్కటే.

నింపే పని మాత్రం దీపావళి సరదా కాదు. తేనెపట్టులా గదులున్న పెట్టె, గదికో కార్ట్రిడ్జ్, అంటే ఫ్లేర్ కూరిన గొట్టం. బిగించేముందు ప్రతి గది కనెక్షన్‌లో కరెంటు ఏమైనా ఉందేమో మీటరుతో చూడాలి, ఉంటే బిగించగానే చేతిలోనే అంటుకోవచ్చు. ఓ వానాకాలం పొద్దున ఒక గది దగ్గర ముల్లు కాస్త కదిలింది. పైవాళ్లు "టైమైపోతోంది, ఏం కాదు, కానీ" అని ఒకటే తొందర. నేను కదల్లేదు, మాటలు పడ్డాను. విప్పి చూస్తే కనెక్టర్ నిండా చెమ్మ. తుడిచి ఆరబెట్టి, ముల్లు సున్నా మీద నిలిచాకే కార్ట్రిడ్జ్‌లున్న ట్రాలీని దగ్గరికి రానిచ్చాను.