నోటి క్యాన్సర్ గడ్డకి కొత్త రక్తనాళాలు రావడంలో రిసెప్టర్ల పాత్ర ఏమిటి?

రిసెప్టర్లు, అంటే కణాల మీదుండి బయటి సంకేతాలు అందుకునే ప్రోటీన్లు, రక్తనాళాలను నేరుగా పుట్టించవు, పక్కనున్న మామూలు నాళాలు గడ్డ వైపు కొత్త కొమ్మలు వేసేలా సంకేతాలు నడిపిస్తాయి. గడ్డ ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటిందంటే చుట్టుపక్కల నుంచి అందే ఆక్సిజన్ చాలదు. నోటి క్యాన్సర్ కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ తరచూ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది, అది ఆన్ అయితే కణం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదులుతుంది, ఆ ప్రోటీన్ వెళ్లి రక్తనాళాల లోపొర కణాల మీదున్న ఇంకో రిసెప్టర్‌కి అతుక్కుంటే ఆ కణాలు విభజన చెంది గడ్డ వైపు సాగుతాయి. ఆక్సిజన్ కొరత కూడా వీఈజీఎఫ్‌ని పెంచుతుంది.

శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లనే తీసుకోండి. చుట్ట కాలే కొస నోట్లో ఉంటుంది కాబట్టి దెబ్బ అంగిలికి తగులుతుంది. అక్కడ క్యాన్సర్ మొదలైతే, అది పెరగడానికి రక్తం కావాల్సిందే. సెటుక్సిమాబ్ అనే మందు, వీఈజీఎఫ్‌ని ఎక్కువగా వదిలేలా చేసే ఆ ఈజీఎఫ్ఆర్‌నే అడ్డుకుంటుంది.

ఉద్దానం వైపు చాలామందికి ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీ రిపోర్టే గుర్తొస్తుంది. అది వేరు! కిడ్నీ రిపోర్టులోది వడపోత వేగం లెక్క, ఇది కణం మీదుండే ప్రోటీన్. పేరు కలిసిందంతే, బయాప్సీలో ఈ మాట చూసి కిడ్నీలు పోయాయని టెన్షన్ పడక్కర్లేదు.