పీహెచ్‌డీ ప్రవేశానికి ఇంగ్లిష్: పదాల పుస్తకం మూసి పేరా తెరవండి

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఈ ఏడాది ఎంఏ ఎకనమిక్స్ పూర్తిచేశాను. పీహెచ్‌డీ చేయాలని ఉంది. డిసెంబర్ విడత యూజీసీ నెట్ అర్హత పరీక్ష రాద్దామనుకుంటున్నాను. పేపర్-1లో రీడింగ్ కాంప్రహెన్షన్ అంటేనే టెన్షన్. కోచింగ్‌లో మూడు వేల ఇంగ్లిష్ పదాల పుస్తకం ఇచ్చి రోజుకి యాభై చొప్పున బట్టీ పట్టమన్నారు. వారం తిరిగేసరికి సగం కూడా గుర్తుండటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు. వాక్యం లేకుండా, వాడే సందర్భం లేకుండా రోజుకి యాభై పదాలు నేర్చుకుంటే ఎవరికీ నిలవవు. పైగా వాటిలో చాలా పదాలు మీ పరీక్షకు అక్కర్లేదు. అంత పెద్ద జాబితాలు ఎక్కువగా విదేశీ చదువుల ప్రవేశ పరీక్ష జీఆర్‌ఈ రాసేవాళ్ల కోసం తయారైనవి. అక్కడ వాక్యంలో ఖాళీ ఇచ్చి సరిపోయే పదం పెట్టమంటారు కాబట్టి అరుదైన మాటలూ తెలిసి ఉండాలి. నెట్‌లో పదజాలానికని విడిగా యూనిట్టే లేదు.

నెట్ పేపర్-1లో పది యూనిట్లు, 50 ప్రశ్నలు, 100 మార్కులు. కాంప్రహెన్షన్ వాటా ఒక పేరా, ఐదు ప్రశ్నలు, 10 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు. మిగతా చాలా యూనిట్లలో గుర్తులేనిది రాయలేం. ఇక్కడ జవాబు కళ్లెదుటే ఉంటుంది, అందుకే ఈ పది మార్కులు వదులుకోవద్దంటాను. ఇంకో సంగతి, మీ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. రెండు పేపర్లకీ కలిపి మూడు గంటల్లో 150 ప్రశ్నలు చదవాలి. పేరాల మీద మీరు చేసే సాధన మీ సబ్జెక్టు పేపర్ అయిన పేపర్-2లోనూ అక్కరకొస్తుంది.

2024 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ సీట్లు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాకపోయినా పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వస్తే చాలు, స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ స్కోరు ప్రవేశాలకు ఏడాదే చెల్లుతుంది. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్.

ఇంతకీ పేరాలో మార్కులు పోయేది ఎక్కడ? తెలియని పదం దగ్గర అని అందరూ అనుకుంటారు. నా దగ్గరికి వచ్చే విద్యార్థులతో కూర్చుని తప్పుపోయిన జవాబులు చూస్తుంటే, ఎక్కువ దెబ్బ తగిలేది బాగా తెలిసిన చిన్న మాటల దగ్గరే. హవెవర్, ఆల్దో, అన్‌లెస్, ఓన్లీ, సమ్, మోస్ట్. వీటి అర్థం తెలుసు కదా అని కళ్లు వాటిని దాటేస్తాయి.

ఒక పేరా సారాంశం ఇలా ఉందనుకోండి: పొదుపు సంఘాల రుణాలు అందిన కొన్ని గ్రామాల్లో కుటుంబాల ఖర్చు పెరిగింది. అయితే ఆదాయం అన్నిచోట్లా పెరగలేదు. సంత దగ్గరగా ఉన్న ఊళ్లలోనే చిన్న వ్యాపారాలు నిలదొక్కుకున్నాయి. దీన్నిబట్టి ఏం చెప్పవచ్చు అని నాలుగు ఆప్షన్లు ఇచ్చారు. ఒకటి, రుణాలు గ్రామీణుల ఆదాయం పెంచాయి. రెండు, రుణాల వల్ల ప్రయోజనం లేదు. మూడు, రుణం ఫలితం మార్కెట్ అందుబాటును బట్టి మారింది. నాలుగు, వడ్డీ తగ్గిస్తే ఆదాయం పెరుగుతుంది.

తొందరలో చదివినవాళ్లు మొదటిది పెట్టేస్తారు, వినడానికి బాగుంది కదా. కానీ పేరాలో ‘అన్నిచోట్లా పెరగలేదు’ అని ఉంది. రెండోది మరీ అవతలి కొసకి వెళ్లిపోయింది. నాలుగోది ఎకనమిక్స్ విద్యార్థులకు ప్రత్యేకంగా ప్రమాదం. క్లాసులో చదివినదానికి దగ్గరగా ఉంటుంది, నిజం కూడా కావచ్చు, కానీ పేరాలో వడ్డీ ఊసే లేదు. మీ సబ్జెక్టుకు దగ్గరగా ఉన్న పేరా వస్తే రెట్టింపు జాగ్రత్తగా ఉండండి. జవాబు మూడు.

ఈ చూపు అలవడాలంటే పాత ప్రశ్నపత్రాలు చేయాలి. యూజీసీ నెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రోజుకి ఒక పేరా చాలు. మొదటి రెండు వారాలు గడియారం చూడొద్దు. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకీ నోట్‌బుక్‌లో రెండు విషయాలు రాయండి: సరైన జవాబుకి ఆధారం పేరాలో ఏ వాక్యం, మీరు పెట్టిన ఆప్షన్‌ని చెడగొట్టిన మాట ఏది. నెల తిరిగేసరికి మీ తప్పులన్నీ రెండు మూడు రకాలేనని మీకే తెలుస్తుంది. తర్వాత పేరాకి, ఐదు ప్రశ్నలకి కలిపి పది నిమిషాలు పెట్టుకుని, మెల్లగా ఎనిమిదికి తగ్గించండి. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి కొన్నైనా స్క్రీన్ మీద చదవండి. కాగితం మీద గీతలు గీస్తూ చదివే అలవాటు అక్కడ అక్కరకు రాదు.

పదాలు అసలే వద్దని కాదు. న్యూజిలాండ్ పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ ప్రచురించారు. పరిశోధన వ్యాసాల్లో, పాఠ్యపుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించే 570 పద కుటుంబాలు అందులో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తెరిచి చూడండి, ధైర్యం వస్తుంది. డిరైవ్, అలొకేట్, డిస్ట్రిబ్యూట్, కన్‌స్ట్రెయిన్ లాంటివి ఎంఏలో మీకు రోజూ తగిలినవే. తెలియనివాటికి మాత్రమే గుర్తు పెట్టుకోండి. ఇంప్లై, అట్రిబ్యూట్, సబ్‌సీక్వెంట్, నాట్‌విత్‌స్టాండింగ్ లాంటివి ప్రశ్నల్లోనూ ఆప్షన్లలోనూ తిరుగుతుంటాయి. రోజుకి ఏడెనిమిది మించొద్దు. పదం పక్కన తెలుగు అర్థం ఒక్కటే కాదు, అది కనిపించిన వాక్యం మొత్తం రాయండి. మర్నాడు, వారానికి, నెలకి మళ్లీ చూడండి.

ఆ వాక్యాలు ఎక్కడివంటారా? దినపత్రిక సంపాదకీయం చదవమని అందరూ చెబుతారు, మంచిదే. మీకైతే కేంద్ర ఆర్థిక శాఖ బడ్జెట్‌కు ముందు ఏటా విడుదల చేసే ఎకనమిక్ సర్వే ఇంకా మంచిది. విషయం తెలిసిందే కాబట్టి భాష మీద దృష్టి నిలుస్తుంది. ఒక పేరా చదవండి, మధ్యలో డిక్షనరీ తీయొద్దు. మూసేసి, ఇందులో ఏం చెప్పారో ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పుకోండి. తెలుగులో చెప్పలేకపోతే పేరా అర్థం కానట్టే, మళ్లీ చదవండి. చెప్పగలిగితే అదే ఇంగ్లిష్‌లో రాయండి. పదాల అర్థాలు చూసుకోవడం ఆఖర్న. తెలుగు మీడియంలో చదివినందుకు దిగులు పడేవాళ్లకి ఇది గట్టిగా చెబుతాను: విషయాన్ని సొంత భాషలో పట్టుకోగలగడం మీకున్న బలం.

విదేశాల్లో పీహెచ్‌డీ ఆలోచన కూడా ఉంటే, అమెరికాలో చాలా విభాగాలు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి. మీరు కోరుకునే విభాగం పేజీ చూశాకే ఫీజు కట్టండి. జీఆర్‌ఈ తప్పనిసరైతే ఇది తెలుసుకోండి: 2023 సెప్టెంబర్ నుంచి అందులో ఇంగ్లిష్‌ని పరీక్షించే వెర్బల్ విభాగం 27 ప్రశ్నలకు, 41 నిమిషాలకు తగ్గింది. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ రెండు పూర్తి మాక్ టెస్టులు ఉచితంగా ఇస్తోంది. ముందు ఒకటి రాసి, ఎక్కడ ఉన్నారో చూసుకున్నాకే పదాల పుస్తకం సంగతి.

పరీక్షకు మూడు వారాలు ఉందనగా కొత్త పదాలు ఆపేయండి. వారానికి రెండు చొప్పున మూడు గంటల పూర్తి మాక్‌లు, మధ్యలో లేవకుండా రాయండి. పేపర్-1లో పేరా తరచు చివర్లో వస్తుంది. దాన్ని మొదట చేస్తే బాగుందో, చివర్లో చేస్తే బాగుందో ఆ మాక్‌లలోనే తేల్చుకోండి.