కత్తి ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇద్దరు పెద్ద కుర్రాళ్లతో బండి మీద వెళ్లాడు. వాళ్లు ఒకాయన్ని ఆపి, కత్తి చూపించి ఫోన్ లాక్కున్నారట. ముగ్గురి మీదా బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 311 సెక్షన్ పెట్టారు. ఏడేళ్లకు తక్కువ జైలు పడదంటున్నారు. నిజమేనా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, దోపిడీలో మారణాయుధం వాడితే పెట్టే ఆ సెక్షన్‌లో కనీస శిక్ష ఏడేళ్లన్న మాట నిజమే. కానీ అది మీవాడికి నేరుగా వర్తించదు. ఘటన నాటికి పద్దెనిమిది నిండని పిల్లల కేసులు 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం నడుస్తాయి. నేరం రుజువైనా, ఈ కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు స్పెషల్ హోమ్‌లో ఉంచగలిగేది గరిష్ఠంగా మూడేళ్లే. మందలించి, కౌన్సెలింగ్ ఇప్పించి ఇంటికి పంపనూవచ్చు.

చిక్కంతా మీవాడికి పదహారు దాటడంతోనే. ఆ వయసువాళ్ల మీద ఘోర నేరం, అంటే కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరం మోపితే, బోర్డు ఆ పిల్లవాడి మానసిక, శారీరక సామర్థ్యాన్ని ప్రాథమికంగా అంచనా వేసి కేసును పిల్లల కోర్టుకు పంపవచ్చు. అక్కడ పెద్దవాడిలా విచారించే ప్రమాదం ఉంది. 311 సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది.

అందుకే కత్తి ఎవరు పట్టుకున్నారని బాధితుడు చెప్పాడో మీ లాయరు ముందు అది చూడాలి. ఆ ఏడేళ్ల కనీస శిక్ష ఆయుధం వాడిన మనిషికే గానీ పక్కనున్నవాడికి కాదు. 311కు ముందు ఇదే నేరానికి ఉన్న పాత ఐపీసీ 397 మీద సుప్రీంకోర్టు 1975లోనే, ఫూల్ కుమార్ కేసులో, ఈ మాట చెప్పింది. మీవాడు కత్తి పట్టకపోతే మిగిలేది 309 కింద మామూలు దోపిడీ. దానికి పదేళ్ల దాకా శిక్ష ఉన్నా కనీస శిక్ష లేదు. అలాంటివి ఘోర నేరాలు కావని 2020లో శిల్పా మిట్టల్ కేసులో తేలింది, తర్వాత 2021 సవరణతో చట్టంలోకీ ఎక్కింది. అప్పుడు కేసు బోర్డు దగ్గరే ఉంటుంది. ఈ వాదన మొదటి వాయిదాకే, రాతపూర్వకంగా పెట్టించండి.

కేసు ఆ ప్రాథమిక అంచనా దాకా వెళ్తే, బోర్డు సభ్యుల్లో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అది అడగడానికి మొహమాటపడకండి.

బెయిల్ గురించి టెన్షన్ పడకండి. నేరం పెద్దదన్న ఒక్క కారణంతో కాదనకూడదు. బయటికొస్తే మళ్లీ నేరస్తులతో కలుస్తాడన్న అనుమానం ఉంటే మాత్రం నిరాకరించవచ్చు. కాబట్టి ఆ ఇద్దరికీ దూరంగా, ఏ బంధువుల ఇంట్లో ఉంచుతారో స్పష్టంగా రాసివ్వండి. వయసుకు రుజువుగా టెన్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ పట్టుకెళ్లండి. అది లేకపోతేనే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూస్తారు.