టెరాఫ్లాప్స్ చూసి కన్సోల్ కొనొచ్చా?

ప్రశ్న: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు 12 టెరాఫ్లాప్స్, ప్లేస్టేషన్ 5 (పీఎస్5)కు 10.28 అంటున్నారు. అంటే మొదటిదాంట్లోనే గ్రాఫిక్స్ బాగుంటాయా? ఎక్స్‌బాక్స్‌లోనే చవకగా వచ్చే సిరీస్ ఎస్ సరిపోతుందా? వేరే దేశంలో ఇంకా తక్కువకు దొరికితే తెప్పించుకోవచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: మీరు రాసిన అంకెలు నిజమే. టెరాఫ్లాప్స్ అంటే గ్రాఫిక్స్ చిప్ సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే కొలత. కానీ ఆ తేడాను టీవీ ముందు కూర్చుని కనిపెట్టడం చాలా కష్టం. రెండింటిలోనూ ఉన్నది ఏఎండీ చిప్పే, దాదాపు ఒకే తరానిది. సిరీస్ ఎక్స్‌లో 52 కంప్యూట్ యూనిట్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) 1.825 గిగాహెర్ట్జ్‌తో నడిస్తే, పీఎస్5లో ఉన్న 36 యూనిట్లు 2.23 దాకా వెళతాయి. ఎస్‌ఎస్‌డీ (ఆటలు దాచుకునే స్టోరేజీ) చదివే వేగంలో మాత్రం పీఎస్5దే పైచేయి: సెకనుకు 5.5 గిగాబైట్లు. సిరీస్ ఎక్స్‌ది 2.4. అందుకే ఈ రెండింటి మధ్య గ్రాఫిక్స్ గురించి తల బద్దలుకొట్టుకోవద్దు. మీకు ఇష్టమైన ఆటలు ఎందులో వస్తున్నాయో, మీ స్నేహితులు ఎందులో ఆడుతున్నారో చూసుకుని తీసుకోండి.

సిరీస్ ఎస్ సంగతి వేరు. అందరూ దాని 4 టెరాఫ్లాప్స్‌నే పట్టుకుంటారు గానీ, నన్నడిగితే అసలు చూడాల్సింది మెమరీ. సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ ఉంటే ఇందులో 10 మాత్రమే. బొమ్మ స్పష్టత తగ్గించి గ్రాఫిక్స్ చిప్ మీద భారం దించొచ్చు, మెమరీ చాలనప్పుడు ఆ ఉపాయం అంతగా పనిచేయదు. బాల్డర్స్ గేట్ 3 అనే ఆట విషయంలో అదే జరిగింది. అందులో ఇద్దరు ఒకే టీవీని రెండు ముక్కలు చేసుకుని ఆడొచ్చు. ఒకరు ఊళ్లో, ఒకరు అడవిలో తిరుగుతుంటే రెండు చోట్లనూ మెషీన్ ఒకేసారి మోయాలి. సిరీస్ ఎస్ మోయలేకపోయింది. 2023లో పీఎస్5కు సెప్టెంబరులోనే వచ్చిన ఆట ఎక్స్‌బాక్స్‌కు డిసెంబరులో వచ్చింది, అప్పుడూ సిరీస్ ఎస్‌లో ఆ సదుపాయం లేకుండానే. 2025లో ప్యాచ్ 8 అనే అప్‌డేట్ వచ్చాక గానీ దక్కలేదు.

సిరీస్ ఎస్‌లో డిస్క్ డ్రైవ్ కూడా లేదు. సెకండ్‌హ్యాండ్ డిస్క్ కొనడానికి, ఆడేశాక అమ్మేయడానికి దారి ఉండదు. కొన్నప్పుడు మిగిలిన డబ్బు నాలుగైదు ఆటలకే కరిగిపోవచ్చు. మీ టీవీ 1080పీ (ఫుల్ హెచ్‌డీ) అయ్యి, ఏడాదికి ఒకటి రెండు ఆటలతో సరిపెట్టుకుంటే మాత్రం నిశ్చింతగా తీసుకోండి.

ఇక వేరే దేశం నుంచి తెప్పించుకోవడం. తక్కువ ధర వెనక షరతు ఏముందో ముందు చూడాలి. 2025లో నింటెండో కన్సోల్ స్విచ్ 2ను జపాన్‌లో రెండు రకాలుగా విడుదల చేశారు: 49,980 యెన్‌లకు ఒకటి, 69,980కి ఇంకొకటి. హార్డ్‌వేర్ ఒకటే. చవకదాంట్లో జపనీస్ తప్ప వేరే భాష లేదు, జపాన్ అకౌంట్ తప్ప పనిచేయదు. ఆ 20,000 యెన్‌ల తేడా చూసి ఆశపడిన బయటివాళ్లకు అది పనికిరాని వస్తువే.

మామూలు పీఎస్5లో ఇంత బిగింపు లేదు. 2025 నవంబరులో జపాన్‌లో వచ్చిన జపనీస్ భాష డిజిటల్ ఎడిషన్ మాత్రం అలాంటిదే, జపాన్ అకౌంట్‌తోనే పనిచేస్తుంది. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5లో ఏ దేశపు డిస్క్ అయినా ఆడుతుంది. అయితే ఆ డిస్క్‌లోని ఆటకు డీఎల్‌సీ (విడిగా అమ్మే అదనపు భాగాలు) కొనాలంటే డిస్క్ రీజియన్, మీ అకౌంట్ రీజియన్ కలవాలి. ఆ అకౌంట్‌కు ఒకసారి పెట్టిన దేశాన్ని తర్వాత మార్చనివ్వరు. కాబట్టి ఆ జపాన్ రకం తప్ప మెషీన్ ఎక్కడ కొన్నా సరే, అకౌంట్ మాత్రం మీ కార్డుతో డబ్బు కట్టగలిగే దేశంలోనే తెరవండి.