తెగిన వైఫై యాంటెన్నా తీగను మెలిపెట్టి టేపు చుట్టవచ్చా?

వద్దండి. లాప్‌టాప్ మూత హింజ్ (కీలు) మార్పించాక రౌటర్ పక్కన కూర్చుంటేనే వైఫై అందుతోందని, లోపల తెల్ల తీగ నలిగి తెగిందని, చిత్తూరులో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలన్నారని రాశారు. మదర్‌బోర్డు జోలికి వెళ్లకండి, ఆ డబ్బు వృథా. వైఫై కార్డు కూడా బాగానే ఉండి ఉంటుంది. తెగింది తీగ, మార్చాల్సిందీ తీగే.

అది మామూలు కరెంటు తీగ కాదు. మధ్యలో సన్నని రాగి పోగు, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆపైన లోహపు అల్లిక, అన్నిటికీ పైన తొడుగు. అంతా కలిపినా మందం మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. పోగుకూ అల్లికకూ మధ్య ఎడం పొడవునా ఒకేలా ఉంటేనే 50 ఓమ్‌ల ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు తీగ చూపే నిరోధం) నిలుస్తుంది. మెలిపెట్టిన చోట ఆ ఎడం చెడి, సిగ్నల్ కొంత వెనక్కి మళ్లుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఎలాగో నెట్టుకొచ్చినా 5 గిగాహెర్ట్జ్‌లో దెబ్బ గట్టిగా తగులుతుంది.

మల్టీమీటరు పెట్టి చూసేటట్లయితే ఒకటి గుర్తుంచుకోండి. యాంటెన్నా ఉండగా మధ్య పోగుకూ అల్లికకూ బీప్ వస్తే షార్ట్ అయిందని కంగారుపడవద్దు. చాలా లాప్‌టాప్ యాంటెన్నాల నిర్మాణమే అంత.

తిరుపతిలో మా చెల్లెలి లాప్‌టాప్‌కూ ఇదే వచ్చింది. మూత వెనక్కి వాలిస్తే సిగ్నల్ పోయేది, ముందుకు లాగితే వచ్చేది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా తెగి తెగి పలికేవి, అదీ ఆ యాంటెన్నా మీదే నడుస్తుంది కాబట్టి. స్క్రీన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం ఊడదీసి చూస్తే, హింజ్ కింద తీగ చదునుగా నలిగి, తొడుగు చీలి, అల్లిక పోగులు మెరుస్తూ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. గాంధీ రోడ్డులో ఫోన్లు బాగుచేసే ఒకాయన మైక్రోస్కోపు కింద అతుకు వేస్తానన్నారు. ఆయన చేతిపనిమీద నాకు నమ్మకమే, కానీ రోజూ మడత పడే చోట ఎంతటి అతుకైనా నిలవదు. అదే మోడల్‌కు సరిపడే యాంటెన్నాల జతను తీగలతో సహా తెప్పించి వేశాను. కొన్ని వందల రూపాయలతో పని తీరింది.

కొనే ముందు కనెక్టర్ చూసుకోండి. ఎం.2 అనే కొత్త తరహా వైఫై కార్డులకు చాలావరకు ఎం.హెచ్.ఎఫ్.4 రకం కనెక్టర్ ఉంటుంది. పాత మినీ పీసీఐ కార్డులకు ఉండే యూ.ఎఫ్.ఎల్. దానికన్నా పెద్దది, ఒకదానిలో ఒకటి కూర్చోదు. ఈ కనెక్టర్లను 30 సార్లకు మించి తీసి పెట్టే లెక్కతో తయారుచేయరు, కాబట్టి ఊరికే ఊడదీయకండి. పెట్టేటప్పుడు సరిగ్గా పైనుంచి, నిలువుగా వేలితో నొక్కితే చిన్న క్లిక్ వినిపిస్తుంది. పక్కకు వంచి నొక్కితే కార్డు మీది పోర్టే ఊడివస్తుంది.

కొత్తది వచ్చేలోగా మిగిలిన రెండో యాంటెన్నా నల్ల తీగ ఒక్కదానితో వాడుకోవచ్చు, వేగం తగ్గుతుంది. తెగిన తీగ వైఫై కార్డు మీది మెయిన్ (ప్రధాన) పోర్టుదైతే నల్లదాన్ని అక్కడికి మార్చి చూడండి. తెగిన కొసకు టేపు చుట్టి బోర్డుకు తగలకుండా పక్కన పెట్టండి. ఏది ముట్టుకోవాలన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. కొత్త తీగను పాత దారిలోనే, హింజ్ పక్కనున్న గాడిలోంచి పోనివ్వండి. చట్రం బిగించే ముందు మూతను మెల్లగా తెరిచి మూస్తూ తీగ ఎక్కడైనా బిగుసుకుంటోందేమో చూసుకోండి.